ఏటా అదే కొండ, అదే గుడారం: ఈసారి నా మాట ఎలా చెప్పను?

ప్రశ్న: అమ్మా, మాది అనంతపురం. నేను ఉపాధ్యాయురాలిని, మావారు బ్యాంకులో పని చేస్తారు. నాకు 46 ఏళ్ళు, మా పెళ్ళయి 22 ఏళ్ళు. 12 ఏళ్ళ కిందట హార్స్‌లీ కొండ మీద ఒక రాత్రి గుడారంలో పడుకున్నాం. అది ఆయనకు ఎంతగా నచ్చిందంటే, అప్పటి నుంచి ప్రతి దసరా సెలవులకూ ఎక్కడో ఒక కొండ మీద గుడారం వేయవలసిందే. కొన్నేళ్ళు కొడగు, ఇప్పుడు ఐదేళ్ళుగా ఉత్తరాఖండ్‌లోని చోప్తా. సొంత గుడారం, సొంత వంట. అక్కడ ఎంతసేపు పెట్టినా పప్పు ఉడకదు. చలికి నిద్ర పట్టదు. రాత్రి బయటికి వెళ్ళవలసి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం మానేస్తాను. కిందటేడు ఋషికేశ్ నుంచి ఒక్క రోజులో చోప్తా చేరి, మరునాడే తుంగనాథ్ దాటి చంద్రశిల ఎక్కాం. సగం దారిలోనే తలనొప్పి మొదలై వాంతి అయితే, అలసటేనని చెప్పి పైదాకా తీసుకువెళ్ళారు. దిగేటప్పుడు మోకాళ్ళు నిలవలేదు. మరునాడు తెల్లవారుజామున గుడారం జిప్పు తీస్తే ఎదురుగా చౌఖంబా శిఖరాల మీద ఎండ పడుతూ ఉంది, చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి దసరాకు హాస్టల్ నుంచి వస్తుంది, మేము ఉండము, అమ్మమ్మ ఇంటికి పోతుంది. 'మా ఆవిడకూ నాకూ కొండలంటే ప్రాణం' అని ఆయన అందరికీ చెబుతూ ఉంటారు. నేను ఎన్నడూ కాదనలేదు. ఇప్పుడు రానంటే ఆయన మనసు విరిగిపోతుందేమో. ఆయన ఒక్కరే వెళ్ళివస్తే బాగుండునని అనుకోవడం తప్పా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అంతా అలసటే కనిపించింది. రెండోసారి చౌఖంబా మీద ఎండ పడిన వాక్యం దగ్గర ఆగిపోయాను. చలి, ఆకలి, మోకాళ్ళ నొప్పి అన్నీ ఏకరువు పెడుతున్న మనిషి, ఎవరూ అడగకుండానే మధ్యలో ఆ మాట రాశారంటే, ఆ కొండ మీద మీకంటూ దక్కినది ఒకటి ఉందన్నమాట. అందుకే వెళ్ళండి అనో, మానేయండి అనో ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోతున్నాను. హార్స్‌లీ కొండ మీద ఒక రాత్రికి మీరు ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలును ఆ తర్వాత ఎవరూ మళ్ళీ అడగలేదు, మీరూ మళ్ళీ చెప్పలేదు, అదే 12 ఏళ్ళుగా నడుస్తూ వస్తోంది. మీ బరువంతా అక్కడ ఉందని నాకు తోస్తోంది.

అయితే మనసు సంగతికి ముందు మీ ఆరోగ్యం గురించి మాట్లాడాలి. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ తలనొప్పి, వాంతి నన్ను నిజంగా కలవరపెట్టాయి. ఋషికేశ్ సముద్రమట్టానికి 400 మీటర్ల లోపే ఉంటుంది. చోప్తా సుమారు 2,700 మీటర్లు, తుంగనాథ్ ఆలయం సుమారు మూడున్నర వేల మీటర్లు, చంద్రశిల అంతకంటే ఎత్తు. అంటే గంగ ఒడ్డు నుంచి బయలుదేరిన రెండో రోజుకే మీరు మూడు వేల మీటర్లకు పైగా ఎక్కేశారు. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, ఒక్కొక్క శ్వాసతో ఒంటికి అందే ప్రాణవాయువు తక్కువవుతుంది. 2,500 మీటర్లు దాటాక దానికి శరీరం అలవాటు పడడానికి రోజులు కావాలి. ఆ వ్యవధి ఇవ్వనప్పుడు తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఇది వయసును బట్టి గాని, బలాన్ని బట్టి గాని వచ్చేది కాదు. నాలుగేళ్ళు ఏమీ కాలేదు కాబట్టి ఐదో ఏడూ కాదని అనుకోవడానికి వీల్లేదు. మీవారు దాన్ని అలసట అనుకోవడం తెలియక చేసిన పొరపాటే కావచ్చు, కానీ ఇద్దరూ తెలుసుకోవలసిన పొరపాటు.

తలనొప్పితో పాటు వికారం కూడా ఉంటే ఆ రోజు ఇంకొక్క అడుగు పైకి వేయకూడదు. ఉన్న చోటే ఆగాలి, తగ్గకపోతే కిందికి దిగాలి. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే దించేయాలి. ఈ విషయంలో భర్త ఉత్సాహానికి గాని, భార్య మొహమాటానికి గాని చోటు లేదు. మళ్ళీ వెళ్ళదలిస్తే మొదటి రాత్రి ఉఖీమఠ్‌లో ఆగండి. అది సుమారు 1,300 మీటర్ల ఎత్తున, దాదాపు మన హార్స్‌లీ కొండంత ఎత్తులో ఉంటుంది. చలికాలంలో కేదారనాథుడికి పూజలు జరిగే ఓంకారేశ్వర ఆలయం ఆ ఊళ్ళోనే ఉంది, ఒక పూట అక్కడ హాయిగా గడిచిపోతుంది. తర్వాత చోప్తాలో రెండు రాత్రులు గడిపి, మీకు బాగుంటేనే తుంగనాథ్‌కు నడవండి. చంద్రశిల దాకా ఎక్కితీరాలని ఎవరికీ మొక్కుకోలేదు కదా. బయలుదేరే ముందు రక్తపోటు, రక్తహీనత పరీక్షలు చేయించుకుని, ఎత్తు ప్రదేశాలకు వాడే ఎసిటజోలమైడ్ మందు మీకు అవసరమా అని వైద్యుణ్ణి అడగండి. సల్ఫా మందులు మీకు పడకపోతే ఆ సంగతి ముందే ఆయనకు చెప్పాలి.

ఇక మీరు అసలు అడిగిన మాటకు వస్తాను. ఇందులో నాకు స్వానుభవం ఉంది. మాది కడప. వయసులో ఉన్నప్పుడు నేనూ మావారూ ఏటా కొడగు వైపు వెళ్ళి గుడారం వేసేవాళ్ళం. ఒక ఏడు అద్దెకు తెచ్చిన గుడారంతో పాటు కింద పరిచే పరుపులు ఇవ్వలేదు. రాత్రంతా వాన కురిసింది, తడి నేల మీద ఒక దుప్పటి పరుచుకుని పడుకున్నాం. తెల్లవారాక మావారు 'ఎంత బాగుంది కదా' అన్నారు. నేను అవునన్నాను. ఆ అవునును ఆరేళ్ళు మోశాను. ఏడో ఏడు బస్టాండులో, సామాను కాళ్ళ దగ్గర ఉండగా, కోపంలో అంతా ఒక్కసారి కక్కేశాను. నేను రానన్నందుకు ఆయన బాధపడలేదు. 'అయితే ఇన్నేళ్ళూ ఇష్టం లేకుండానే వచ్చావా?' అని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. ఇంటికి వచ్చాక గోడ మీది కొండ ఫోటోలు తీసి బీరువాలో పెట్టేశారు. తన జీవితంలో మంచి రోజులు అనుకున్నవి అబద్ధమైపోయాయని ఆయనకు అనిపించింది. ఆ ఫోటోలు మళ్ళీ గోడకు ఎక్కడానికి రెండేళ్ళు పట్టింది.

మీవారు కూడా ఆ ప్రశ్న అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. దానికి మీ దగ్గర నిజమైన జవాబు సిద్ధంగా ఉండాలి. అదృష్టవశాత్తు మీకు అది ఉంది, ఉత్తరంలో మీరే రాశారు. చౌఖంబా ముందు కూర్చున్న ఆ తెల్లవారుజామును ముందుగా చెప్పండి. అలాంటివి ఇంకా నాలుగు గుర్తు తెచ్చుకోండి. ఏ ఏడు, ఎక్కడ, ఏం చూసి సంతోషించారో పేరు పెట్టి చెప్పండి. అది ఆయన మనసును మెత్తబరచడానికి వేసే ఎత్తుగడగా ఉండకూడదు. నిజంగా ఇష్టపడ్డవాటినే చెప్పండి, ఇష్టపడని వాటిని చేర్చకండి. ఆ తర్వాత, 'ఆ తెల్లవారుజాములు నాకు కావాలి, కానీ దానికి ముందు రాత్రులు నా వల్ల కావడం లేదు' అనండి. మొదటి సగం విన్న మనిషి రెండో సగాన్ని నిందగా వినడు. ఇన్నేళ్ళూ మీరు చెప్పకపోవడం ఆయన తప్పు కాదని, మీరే దాచుకున్నారని కూడా ఒప్పుకోండి. అది మీకు కష్టంగానే ఉంటుంది. కానీ 12 ఏళ్ళుగా తాను అందరికీ చెప్పుకుంటున్న మాట తలకిందులవుతున్నప్పుడు, అది తన గుడ్డితనం వల్లే అని ఒక్క ఆయన మీదే మోపడం న్యాయం కాదు.

ఎప్పుడు చెప్పాలన్నది కూడా ముఖ్యమే. గుడారంలో, రైలులో, సామాను సర్దే రోజున చెప్పే మాట ఎంత మంచిదైనా దెబ్బలాగే తగులుతుంది. రైలు రిజర్వేషన్లు ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతున్నాయి. 2024 నవంబరుకు ముందు అది 120 రోజులుగా ఉండేది. టికెట్టు చేతికి వచ్చిందంటే ఆయన మనసు ఢిల్లీ రైలు ఎక్కేసినట్టే. కాబట్టి ఆ 60 రోజుల గడువు రాకముందే, ఏ ఆదివారమో ఇద్దరూ తీరికగా ఉన్నప్పుడు మాట్లాడండి.

మాట్లాడేటప్పుడు అలసిపోయానని ఊరికే అంటే ఆయనకు ఏమీ అర్థం కాదు. ఏది ఎందుకు కష్టమో విడదీసి చెప్పాలి. వంటతో మొదలుపెట్టండి, ఎందుకంటే మీ ఉత్తరంలో కష్టాల్లో మొదట రాసింది అదే. సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్లకు నీళ్ళు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. చోప్తాలో నీళ్ళు 91 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా మూత లేని గిన్నెలో వేడి అంతకంటే పెరగదు, అందుకే కందిపప్పు గంటసేపు పెట్టినా పలుకుగానే ఉంటుంది. అది మీ చేతి లోపం కాదు. చిన్న ప్రెషర్ కుక్కర్ ఉంటే కొంత నయం. అయితే నన్ను అడిగితే, ఆ ఎత్తులో పప్పన్నం వండాలన్న పట్టుదలనే వదిలేయమంటాను. మన సీమ వాళ్ళకు ఉడకబెట్టే పని లేని తిండి కావలసినంత ఉంది. పెళుసుగా కాల్చి ఆరబెట్టిన జొన్నరొట్టెలు రోజుల తరబడి నిలవ ఉంటాయి, వాటికి చెనక్కాయల పొడి చాలు. ఉగ్గాని చేయడానికి నీళ్ళు మరగవలసిన అవసరమే లేదు. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరప తిరగమాతలో వేసి, పైన పప్పుల పొడి చల్లితే అయిపోతుంది. మీవారు అనంతపురంలో పుట్టి పెరిగినవారైతే దాని రుచి ఆయనకు కొత్తగా చెప్పనక్కరలేదు, చేయడం నేర్పితే చాలు.

ఎందుకంటే తిండి ఏదన్నదానికంటే, ఎవరు చేయాలన్నదే అసలు మాట. బ్యాంకు తలుపు మూసి బయలుదేరితే ఆయన పని ఆగిపోతుంది. మీ వంటిల్లు మాత్రం మీ వెంట కొండ ఎక్కుతుంది, పైగా అక్కడ కుళాయి కూడా ఉండదు. ఆయనకు అది సెలవు, మీకు చోటు మారిన చాకిరీ. ఇది ఆయన గమనించి ఉండరు. గుడారం బిగించడం, తాళ్ళు లాగి కట్టడం, దారి చూడడం తనవి కాబట్టి పని సమంగానే పంచుకున్నామని అనుకుంటూ ఉండవచ్చు. కానీ గుడారం ఒక్కసారి వేస్తే నాలుగు రోజులు నిలబడుతుంది, వంట మూడు పూటలా కావాలి. కాబట్టి కొండ మీద పొయ్యి ఆయనదని ముందే నిర్ణయించుకోండి. లేదంటే భోజనంతో పాటు గుడారం ఇచ్చే శిబిరాలు చోప్తా చుట్టుపక్కల ఉన్నాయి, వాటిలో దిగండి. సొంత గుడారమే కావాలని ఆయన పట్టుబడితే ఒక సంగతి గుర్తు చేయండి. ఆ ప్రాంతం కేదారనాథ్ వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోది. కొండ పైభాగాల్లోని బుగ్యాళ్ళనే పచ్చికబయళ్ళలో రాత్రి బసను ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లోనే నిషేధించింది. ఎక్కడ వేయవచ్చో అటవీశాఖ వారిని అడిగి వేయవలసినదే. గ్యాస్ డబ్బాలు కూడా ఇక్కడి నుంచి పెట్టుకుపోకూడదు, రైలులో అవి నిషిద్ధం.

చలి గురించి మీకు ఒక్క మార్పు చెబుతాను, దానితోనే సగం రాత్రి మారిపోతుంది. గుడారంలో చలి పైనుంచి వస్తుందని అనుకుని మనం పైన ఒకటికి రెండు కప్పుకుంటాం. నిజానికి ఒంటి వేడిని లాగేసేది కింద ఉన్న నేల. స్లీపింగ్ బ్యాగ్ ఎంత మందంగా ఉన్నా, మన బరువుకు వీపు కింద అది నలిగి, వేడిని నిలిపే గాలి అందులో మిగలదు. కాబట్టి ముందు కింద పరిచేదానికి డబ్బు పెట్టండి. మందపాటి ఫోమ్ చాప ఒకటి, దాని మీద మన వైపు కురుబలు నేసే నల్ల కంబళి ఒకటి మడిచి వేసుకుంటే నేల చలి మిమ్మల్ని తాకదు. చోప్తా దాకా బండి పోతుంది కాబట్టి దాని బరువు మీకు అడ్డం కాదు. పగలు చెమట పట్టిన నూలు బట్టలు, మేజోళ్ళు రాత్రికి అలాగే ఉంచుకోకండి. తడిసిన నూలు త్వరగా ఆరదు, ఒంటిని చల్లబరుస్తుంది. ఉన్ని కొద్దిగా తడిసినా వెచ్చదనం కొంత నిలుపుతుంది. గట్టి మూత ఉన్న సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకోండి, పడుకునే ముందు రెండు చెనక్కాయ ఉండలు తినండి. గుడారం లోపల కుంపటి మాత్రం ఎన్నటికీ పెట్టవద్దు. మూసిన గుడారంలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

నీళ్ళు తాగడం మానేయడం అన్నింటికంటే నాకు బాధ కలిగించిన మాట. ఎంతమంది ఆడవాళ్ళు ప్రయాణాల్లో ఇలాగే నోరు కట్టుకుని కూర్చుంటారో నాకు తెలుసు, నేనూ అదే చేశాను. కొండ గాలి పొడిగా ఉంటుంది, వేగంగా శ్వాసించడం వల్ల ఒంట్లోని నీరు ఎక్కువగా పోతుంది, దానికి తోడు మీరు తాగడం మానేస్తే తలనొప్పి రెట్టింపవుతుంది. మూత్రం బిగబట్టడం వల్ల ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం కూడా ఉంది. ఈ వయసులో నెలసరి కూడా లెక్క తప్పుతూ ఉంటుంది, ఆ అవసరం ఒకటి. మరుగుదొడ్డి దగ్గరగా లేని చోట గుడారం వేయకూడదన్నది మీ షరతుగా పెట్టండి, దీన్ని కోరికలా అడగవద్దు. తలకు కట్టుకునే లైటు ఒకటి దిండు కింద ఉంచుకోండి. అర్ధరాత్రి మీరు లేచినప్పుడు ఆయన కూడా లేచి తోడు రావాలని పగలే చెప్పి ఉంచండి. సిగ్గుపడవలసినది ఏమీ లేదు, 22 ఏళ్ళ కాపురం అది.

మోకాళ్ళకు, దిగేటప్పుడు రెండు చేతుల్లోనూ కర్రలు ఉంటే భారం చాలా తగ్గుతుంది. మిగిలినది వైద్యుడు చెప్పాలి.

మీ అమ్మాయి సంగతి మీరు ఒక్క మాటలో చెప్పారు గాని, ఏడాదికోసారి పండుగకు ఇంటికి వచ్చే పిల్లకు తలుపు తాళం వేసి కనిపించడం చిన్న విషయం కాదు. తుంగనాథ్ ఆలయం వేసవి మొదట్లో తెరిచి, దీపావళి ప్రాంతంలో మూస్తారు. మే నెలలో మీ బడికి సెలవులు ఉంటాయి, అనంతపురం ఎండ తప్పించుకున్నట్టూ ఉంటుంది. కేదారనాథ్ యాత్రికుల వల్ల ఆ నెలలో దారి రద్దీగా ఉంటుంది, దసరా నాటి నిర్మలమైన ఆకాశం ప్రతి రోజూ దొరకకపోవచ్చు. ఆ రెండూ ఒప్పుకోగలిగితే దసరా మీ ఇంటికి తిరిగి వస్తుంది. జులై, ఆగస్టుల వైపు మాత్రం చూడకండి, ఆ వానల్లో అక్కడ కొండచరియలు విరిగిపడుతూ ఉంటాయి.

ఏటా హిమాలయమే ఎందుకన్నది కూడా ఆయనను అడగవచ్చు. ఒక ఏడు అక్కడికి, ఒక ఏడు దగ్గరికి అనుకోండి. హార్స్‌లీ కొండ మీకు కదిరి, మదనపల్లె మీదుగా ఒక పూట ప్రయాణం. అక్కడివారు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచే ఆ కొండకు, బ్రిటిష్ కాలంలో మా కడప జిల్లాకు కలెక్టరుగా ఉండి అక్కడ ఇల్లు కట్టుకున్న హార్స్‌లీ పేరు వచ్చింది. మీకు ఇదంతా మొదలైన చోటు అది. అక్కడ పర్యాటక శాఖ గదిలో పడుకుని, పగలంతా కొండ మీద తిరగవచ్చు. జమ్మలమడుగు దగ్గరి గండికోటలో పెన్న లోయ అంచున తెల్లవారుజామును చూసినా ఆయనకు తృప్తిగానే ఉంటుంది. నల్లమలలో గుడారం వేద్దామని మాత్రం అంటే ఒప్పుకోకండి, అది పులుల అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టడమే నేరం.

ఆయన ఒక్కరే వెళ్ళివస్తే బాగుండునని అనుకోవడం తప్పా అని అడిగారు. ఎంత మాత్రం తప్పు కాదు. ఆయనకు కొండ అంటే నిజమైన ప్రేమ ఉంది, దాన్ని మీరు లేకుండా కూడా నిలుపుకోగలగాలి. ఒక ఏడు స్నేహితులతో వెళ్ళమనండి, మీరు అమ్మాయితో ఇంట్లో ఉండండి. కానీ ఈ మాటను మొదటి సంభాషణలోనే బయటపెట్టకండి. నేను పైన చెప్పిన మార్పులన్నీ ఆయన విని, వాటిలో కొన్నయినా చేసి చూపించిన తర్వాత చెబితే, ఆయన దాన్ని సెలవుగా తీసుకుంటారు. అంతకుముందే చెబితే వెళ్ళగొట్టినట్టు ఉంటుంది.

మాట అయిన తర్వాత వచ్చే శనివారం రాత్రి, గుడారం మిద్దె మీద వేయించండి. ఫోమ్ చాప, కంబళి పరిచి ఇద్దరూ అందులోనే పడుకోండి. మీ వీపుకు అది సరిపోతుందో లేదో, జిప్పు మీ చేతికి చీకట్లో అందుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. పొద్దున ఉగ్గాని మాత్రం ఆయన్నే చేయనివ్వండి. పప్పుల పొడి డబ్బా ఎక్కడుందని అడిగితే కూర్చున్న చోటి నుంచే చెప్పండి, లేవకండి.